నా త్రీడీ నమూనాలో ‘బహుశా’ అన్న మాట ఎక్కడ పెట్టాలి?

మొండిగోడ:

అందరికీ నమస్కారం. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది మూడో ఏడు. నేను పట్టుకున్న కట్టడం ఒక పొడవాటి సభాభవనం. పొడుగు గోడలు రెండూ దాదాపు పూర్తి ఎత్తున నిలిచే ఉన్నాయి. చివరి గోడలు రెండూ కూలిపోయాయి. నేల మీద పరిచిన రాళ్లు చాలావరకు మిగిలాయి. పైకప్పు మాత్రం పూర్తిగా పోయింది.

పోయినేడు 412 ఫోటోలు తీసి, ఫోటోగ్రామెట్రీతో, అంటే ఫోటోలను పోల్చి ఆకారాన్ని లెక్కకట్టే పద్ధతితో, దాని త్రీడీ నమూనా తయారుచేశాను. తర్వాత బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చివరి గోడలు లేపాను, వాలుగా పెంకుల కప్పు వేశాను, సాయంత్రపు ఎండ లోపలికి పడేలా లైటు పెట్టాను. సెమినార్‌లో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

చివర్లో ఒక పెద్ద ప్రొఫెసర్ గారు లేచి, “ఈ పెంకులు తవ్వకంలో ఎక్కడ దొరికాయి బాబూ?” అని అడిగారు. దొరకలేదు. తవ్వకాల నివేదికలో ఒక్క పెంకు ముక్క ప్రస్తావన కూడా లేదు. వాలు కప్పే ఎందుకు పెట్టానంటే, అది సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో రెడీగా ఉంది, పెడితే భవనం నిండుగా కనిపించింది. ఆ మాటే చెప్పాను. ఆయన కోప్పడలేదు. “నీ అధ్యాయం చదివాను. అందులో ‘బహుశా’ అని చాలా చోట్ల రాశావు, బాగుంది. మరి ఈ బొమ్మలో ఆ మాట ఎక్కడుంది?” అన్నారు.

అప్పటినుంచి ఆ ఫైలు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. నా ప్రశ్నలు రెండు. ఒకటి, తెలిసినదీ ఊహించినదీ వేర్వేరుగా కనపడేలా నమూనా ఎలా చేయాలి? రెండోది ఇంకా మూలానికి వెళ్లేది. ఈ డిజిటల్ బొమ్మలు నిజంగా పరిశోధనకు పనికొస్తాయా, లేక పరిశోధన అయిపోయాక జనానికి చూపించుకోవడానికేనా? నా స్నేహితుడైతే ఇవన్నీ పక్కన పడేసి, కొలిచి గీసిన ప్లాను ఒక్కటే థీసిస్‌లో పెట్టమంటున్నాడు.

పక్కవెలుగు:

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబుంది కాబట్టి ముందు అది చెప్తాను. పరిశోధనకే పనికొస్తాయి. నేను పాతికేళ్లుగా శాసనాలు చదువుతున్నాను. అరిగిపోయిన రాతి మీద అక్షరం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కనపడదు, పక్కనుంచి వెలుగు పడితే పైకి తేలుతుంది. మా గురువుగారు సాయంత్రం దాకా ఆగి, టార్చిలైటు రాతికి ఆనించి చదివేవారు. ఇప్పుడు మేం వాడే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ కూడా ఆ టార్చిలైటు పనే చేస్తుంది. దీనికి మూలమైన పద్ధతిని 2001లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన తోటివాళ్లు ప్రచురించారు.

చేసే పని చాలా సులువు. కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగిస్తాం. రాతి పక్కన నున్నగా మెరిసే నల్ల గోళీలు రెండు పెడతాం. ఫ్లాష్‌కు ఒక దారం కట్టి, దాని రెండో కొస రాతి మధ్యకు పట్టుకుని, ప్రతిసారీ అంతే దూరం నుంచి, ఒక్కోసారి ఒక్కో దిక్కున వెలుగు కొడతాం. ఫోటో తీసేముందు దారం తీసేస్తాం. ఇలా ఓ 48 ఫోటోలు. గోళీ మీద మెరుపు ఎక్కడ పడిందో చూసి, వెలుగు ఏ కోణం నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో వెలుగును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

ఒక శాసనంలో తేదీ దగ్గర ఒక అంకె ఉంది. దాని కుడిపక్క చిన్న గీత ఉందనుకుంటే ఒక అంకె, లేదనుకుంటే ఇంకొకటి. మధ్యలో ఐదేళ్ల తేడా. అచ్చయిన పాఠంలో గీత ఉన్నట్టే చదివారు, నేనూ చాలాకాలం అలాగే చదివాను. వెలుగును ఎడమపక్క కింద నుంచి తిప్పుతూ పోతే ఆ గీత అంకె దగ్గర ఆగలేదు. సన్నబడి, పై వరుసలోని అక్షరాన్ని కోసుకుంటూ రాతి అంచుదాకా వెళ్లింది. ఉలితో చెక్కిన గీతకు రెండు ఒడ్డులూ ఇంచుమించు ఒకే వాలులో ఉంటాయి. దీని ఒడ్డులు పెళుసుగా, ముక్కలు రాలినట్టున్నాయి. అంటే అది పగులు. ఐదేళ్లు వెనక్కి జరిగాయి. దాన్నిబట్టి నేను కట్టిన వరుసంతా మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఇది జనానికి చూపించడానికి చేసిన పని కాదు కదా.

పెద్ద ఉదాహరణ కావాలంటే, సముద్రం అడుగున దొరికిన ఆంటికిథెరా యంత్రం (గ్రహగతులు లెక్కకట్టే ప్రాచీన గ్రీకు పరికరం) ముక్కల మీద 2005లో ఈ పద్ధతినీ ఎక్స్‌రే సీటీ స్కాన్‌నూ వాడారు. మరుసటి ఏడు ఫలితాలు వెలువడేసరికి, దాని మీద చదవగలిగిన రాత సుమారు రెట్టింపయింది.

ఒక్క జాగ్రత్త. ఫోన్ కెమెరాతో మాత్రం ఈ పని చేయకు. అది నిన్ను అడక్కుండానే అంచులకు పదును పెడుతుంది, నీడల్ని సర్దుతుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ ఫోటోలో ఒక అక్షరానికి కొమ్ము చదివింది. రాతి దగ్గరికి వెళ్లి వేలితో తడిమితే అక్కడ ఏమీ లేదు. పెద్ద కెమెరా, రా ఫైల్ (కెమెరా ఏమీ సర్దకుండా దాచిన ఫోటో), అన్నీ చేత్తో పెట్టుకున్న సెట్టింగులు. ఇందులో మాత్రం రాజీ పడకు.

పాతపటం:

పక్కవెలుగు గారితో ఏకీభవిస్తున్నాను. నాది పటాల పని. పాత చేతిరాత పటాలను స్కాన్ చేసి ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెడతాను. మొండిగోడ గారికి జరిగిందే నాకు ఇంకోలా జరిగింది.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పాత పటం మీదా కొత్త పటం మీదా ఒకే చోటును గుర్తుపెడుతూ పోవాలి. వాటిని కంట్రోల్ పాయింట్లు అంటాం. ఒక పటానికి నేను 20 పెట్టాను. మామూలు పద్ధతిలో కూర్చోబెడితే తప్పు చాలా వచ్చింది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతికి మార్చగానే తప్పు సున్నా అని చూపించింది. అదే సంఖ్య వ్యాసంలో రాసి పంపాను. సమీక్షకులు తిప్పి పంపారు. ఆ పద్ధతి పటాన్ని రబ్బరు షీటులా సాగదీసి, ప్రతి పాయింటూ దాని చోట పడేలా చేస్తుంది. అందుకే అక్కడ సున్నా వస్తుంది, ఎప్పుడు చేసినా అదే వస్తుంది. పాయింట్ల మధ్య ఏం జరిగిందో ఆ సున్నా చెప్పదు.

మళ్లీ మొదలుపెట్టి, 15 పాయింట్లతో పటాన్ని కూర్చోబెట్టి, మిగతా 5 దాచిపెట్టి, అవి ఎక్కడ పడ్డాయో కొలిచాను. బాట పక్కనున్న రెండూ 20 మీటర్ల లోపే తేడా. కొండ వైపున్న మూడూ 140 మీటర్లు, ఆ పైన. మొదట నిరాశపడ్డాను, తర్వాత విషయం అర్థమైంది. ఆ పటం వేసినాయన బాట వెంట నడిచి, గొలుసుతో కొలుచుకుంటూ పోయాడు. కొండను మాత్రం దూరం నుంచి చూసి గీశాడు. పటం ఎక్కడ నమ్మకంగా ఉందో, ఎక్కడ లేదో చూస్తే ఆయన నడిచిన దారే బయటపడింది! ఏ రికార్డులోనూ ఆ దారి రాసి లేదు. నేను దాచేయబోయిన తప్పే ఇప్పుడు నా వ్యాసంలో ముఖ్యమైన ఆధారం.

కాబట్టి మీ నమూనా పారేయకండి. ఎక్కడ సరిపోలేదో అక్కడ చూడండి.

ఇంకో మాట. పటం చూడగానే సత్యం బయటపడిందనే కథలు చాలా చెప్తుంటారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు పటం వేసి, జబ్బు బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు నుంచే వస్తోందని పట్టుకున్నాడని అందరికీ తెలిసిన కథ. ఆ పంపు పిడి సెప్టెంబర్ 8న తీసేశారు. ఆయన పటం అచ్చయింది 1855లో. నీటి మీద అనుమానం ఆయనకు చాలా ముందునుంచే ఉంది, ఇంటింటికీ తిరిగి అడిగాడు, ఆ తర్వాత పటంతో వాదనను నిలబెట్టాడు. ఆయన చేసిన మంచి పని, తను వేసిన పటాల్లో ఒకదానిలో, ఏ ఇంటివాళ్లకు ఏ పంపు నడకలో దగ్గరో తెలిపే సరిహద్దు గీయడం. ఇది ఊరికే చుక్కలు పెట్టడం కంటే చాలా బలమైన ప్రశ్న. మీరూ నమూనాను అలాంటి ప్రశ్న అడగాలి.

గాజుపలక:

నేను పాత ఫోటోల భాండాగారంలో పనిచేస్తాను. మీ ప్రశ్న త్రీడీ గురించే అయినా, ఈ మధ్య మా దగ్గరికి వచ్చే సగం మంది పాత నలుపు తెలుపు ఫోటోలకు ఏఐతో రంగులు వేయించి, వాటినే ఆధారాలుగా చూపిస్తున్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ కాలపు గాజు ప్లేట్లు చాలావరకు ఎరుపును గుర్తించేవి కావు. నీలం వాటిమీద బాగా తెల్లగా పడేది, ఎరుపు దాదాపు నల్లగా పడేది. ఎర్ర చీర ఫోటోలో నల్లగా ఉంటుంది, నీలాకాశం తెల్ల కాగితంలా ఉంటుంది. ఏఐ నేర్చుకున్నదేమో ఇప్పటి రంగు ఫోటోల్లోంచి రంగు తీసేసిన బొమ్మల నుంచి. నల్లగా కనిపించినదాన్ని అది నలుపనో ముదురు గోధుమ రంగనో అనుకుంటుంది. అలా రంగు వేసిన ఫోటో చూసి ఒక ఊరేగింపులో అందరూ సంతాప సూచకంగా నల్ల జెండాలు పట్టుకున్నారని రాసిన వ్యాసం నా చేతికి వచ్చింది. జెండాలు ఎర్రవని అదే ఊరేగింపు గురించి అప్పటి పత్రిక రాసింది. ఊరేగింపు అర్థమే తలకిందులైపోయింది, నాకు చాలా బాధ వేసింది.

రంగు వేయొద్దని అనను. మూల ఫోటో పక్కనే పెట్టండి, రంగు వేసినది ఏ ప్రోగ్రామో, ఎప్పుడు వేశారో కింద రాయండి.

మొండిగోడ:

అందరికీ చాలా థ్యాంక్స్. పాతపటం గారూ, ‘సరిపోని చోట చూడండి’ అన్నారు. నమూనాలో గోడల పైభాగాన దూలాలు దూర్చిన గూళ్లు కనిపిస్తున్నాయి. ఒక్కో గోడకు 9. ఉత్తరం గోడ గూళ్ల కంటే దక్షిణం గోడ గూళ్లు కొంచెం కిందికి ఉన్నట్టున్నాయి. ఇంతవరకు అది నా నమూనా లోపం అనుకుని, కప్పు వేసేటప్పుడు సరిచేసి కూర్చోబెట్టాను. ఇందులో ఏమైనా ఉందంటారా?

కొలతకర్ర:

ఉండొచ్చు బాబూ. కానీ దానికి ముందు ఒక ప్రశ్న. నీ నమూనాలో ఏది సమతలమో ఎవరు నిర్ణయించారు? ఫోటోల నుంచి వచ్చిన పాయింట్ క్లౌడ్‌కు, అంటే నమూనాకు మూలమైన ఆ బిందువుల గుంపుకు, కింద, పైన తెలియవు. చాలామంది నేల రాళ్లను చూసి, కంటితో సరిచేస్తారు. నువ్వూ అలాగే చేసి ఉంటే, నేల ఒక పక్కకు కుంగినా ఆ కుంగుబాటు నీ నమూనాలో మాయమైపోతుంది, గోడలు తప్పుగా కనిపిస్తాయి. కాబట్టి ఆ గూళ్ల తేడాను ఇప్పుడే నమ్మకు. అక్కడికి వెళ్లు. టోటల్ స్టేషన్ (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే యంత్రం) దొరక్కపోతే, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తీసుకెళ్లు. రెండు గోడల మీదా ఒకే మట్టం గుర్తుపెట్టి, అక్కడినుంచి గూళ్లకు ఎంతో కొలువు. అలాగే రెండు గోడల్లోనూ అడుగు రాతి వరుస మట్టం కూడా తీసుకో, గోడ కుంగిందో లేదో అదే చెప్తుంది.

నేను వారసత్వ కట్టడాల కొలతలు తీసే పనిలో ఉన్నాను. నీ మొదటి ప్రశ్నకు మా రంగంలో ఒక ఒప్పందం ఉంది. లండన్ చార్టర్ అంటారు. 2006లో మొదలై, 2009లో ఇప్పటి రూపానికి వచ్చింది. కంప్యూటర్‌లో గతాన్ని పునర్నిర్మించేవాళ్లు ఏ ఆధారంతో ఏ నిర్ణయం తీసుకున్నారో రాసిపెట్టాలని అందులో ఉంది. ఆ రాతను పారాడేటా అంటారు. పేరు పెద్దదే గానీ, నోటుపుస్తకం చాలు. ‘ఈ తలుపు వెడల్పు గడప మీద మిగిలిన బొరియల నుంచి తీసుకున్నాను. ఈ ఎత్తు పక్క భవనాన్ని చూసి పెట్టాను. కప్పుకు ఆధారం లేదు, రెండు రకాలుగా ఆలోచించాను’ అని తేదీలు వేసి రాసుకుంటూ పోవడమే. నేను ఏడాది తర్వాత నా నమూనా తెరిస్తే నాకే గుర్తుండదు, ఆ పుస్తకమే కాపాడుతుంది.

బొమ్మలో ఎలా చూపాలంటే, నేను నాలుగు లేయర్లు పెడతాను. ఇప్పటికీ నిలిచి ఉన్నది ఫోటోల్లోని అసలు రూపురంగులతో. అక్కడే దొరికిన ఆనవాళ్లను బట్టి లేపినది ఒకే లేత రంగుతో. వేరే కట్టడాలను చూసి పెట్టినది ఇంకో రంగుతో. పూర్తి ఊహ అయితే గాజులా, అవతలిది కనపడేలా. సాయంత్రపు ఎండ వద్దు. ఎండ పడితే అన్నీ ఒకే రకంగా నిజంగా కనిపిస్తాయి. రెండు అభిప్రాయాలు ఉన్నచోట రెండు నమూనాలూ పక్కపక్కనే పెట్టు. ఒకటే పెట్టాలని ఎవరన్నారు?

ఇక ఫోటోల సంగతి. 412 ఫోటోలూ రా రూపంలో, కెమెరా వివరాలతో సహా దాచిపెట్టు, నమూనా కంటే అవే ముఖ్యం. అఫ్ఘానిస్థాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను 2001 మార్చిలో కూల్చేశాక, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్‌లో తిరిగి నిర్మించారు. ఇంటర్నెట్‌లో దొరికిన యాత్రికుల ఫోటోలతోనూ చేసి చూశారు, 1970లో కొలతల కెమెరాతో తీసిన మూడు ఫోటోలతోనూ చేశారు. నమ్మదగ్గ కొలతలు ఆ మూడింటి నుంచే వచ్చాయి. తీసినాయన విగ్రహాలు కూలిపోతాయని తీయలేదు. పారిస్‌లోని నోట్రడామ్ చర్చి కూడా అంతే. ఆండ్రూ టాలన్ అనే కళా చరిత్రకారుడు ఆ చర్చిని ఎలా కట్టారో తెలుసుకోవాలని 2010లో లేజర్ స్కాన్ చేశాడు. 50కి పైగా చోట్ల యంత్రం నిలబెట్టి, 100 కోట్లకు పైగా బిందువులు తీసుకున్నాడు. 2018లో ఆయన పోయారు. 2019 ఏప్రిల్ 15న కప్పు తగలబడింది. తిరిగి కట్టేవాళ్లకు ఆ స్కాన్ అక్కరకొచ్చింది.

నీ స్నేహితుడితో ఒక మాట చెప్పు. కొలిచి గీసిన ప్లానులో కూడా ఊహ ఉంటుంది. కూలిన గోడకు చుక్కల గీత వేస్తాం చూడు, అది మన పాతవాళ్ల ‘బహుశా’.

మొండిగోడ:

మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి మన్నించండి. కొలతకర్ర గారు చెప్పినట్టే, నేను నేల చూసి కంటితో సరిచేసినదే. నీళ్ల ట్యూబు తీసుకుని వెళ్లాను. తోడు వచ్చింది ప్లాను చాలన్న స్నేహితుడే. వాడు ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒకటి.

తొమ్మిది జతల గూళ్లూ కొలిచాం. ప్రతి జతలోనూ దక్షిణం పక్కదే కిందికి ఉంది. సగటున 11 సెంటీమీటర్లు. అడుగు రాతి వరుస చూస్తే దక్షిణం గోడ 4 సెంటీమీటర్లు కుంగింది. అది తీసేస్తే 7 మిగిలింది. గోడల మధ్య దూరం 6 మీటర్లు. ఒక్క జతలో అలా ఉంటే పని సరిగ్గా చేయలేదనుకోవచ్చు, తొమ్మిదీ ఒకే వైపు ఉంటే కావాలనే పెట్టినట్టుంది. 6 మీటర్లకు 7 సెంటీమీటర్లు పెంకుల కప్పుకు ఏమాత్రం చాలని వాలు. చదును కప్పు మీద వాన నీళ్లు ఒక పక్కకు జారడానికి మాత్రం సరిపోతుంది.

తర్వాత గదికి వచ్చి నమూనాను పక్కవెలుగు గారి లెక్కన చూశాను. రంగు తీసేసి, వెలుగును పక్కనుంచి తిప్పాను. దక్షిణం గోడ మీద, గూళ్లకు కొంచెం పైన, రెండు చోట్ల రాయి ఊడిపోయిన ఖాళీలు ఉన్నాయి. పోయినేడు మెష్‌లో, అంటే నమూనా ఉపరితలంలో, వచ్చిన చిల్లులు అనుకుని నేనే పూడ్చేశాను. వాటి అడుగు నున్నగా ఉంది, బయటి వైపుకు వాలింది. అవి తూములు కావచ్చు. పూడ్చకముందు ఫైలు దాచి ఉంచబట్టి సరిపోయింది.

పెద్ద ప్రొఫెసర్ గారికి ఈ కొలతలు పంపాను. “తూముల లోపల మట్టి ఉందేమో చూడు, సున్నం అంటుకుని ఉంటే ఇంకా మంచిది” అని రాశారు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ప్రస్తుతానికి చదును కప్పు లేత రంగులో ఒక నమూనాగా, వాలు కప్పు గాజులా ఇంకో నమూనాగా, రెండూ పక్కపక్కన పెట్టాను. పెంకులు తీసేశాను. పక్కవెలుగు గారూ, ఆ తూముల అడుగున మీ దారం పద్ధతిలో ఫోటోలు తీయాలంటే, గోడ పైన అంత ఇరుకులో ఫ్లాష్ తిప్పడం ఎలాగో కొంచెం చెప్తారా?